చెరకు నుంచా, రోడ్డు నుంచా? చిత్తూరు న్యూట్రిన్ చరిత్రపై ఒక పరిశీలన

చిత్తూరులో 1952లో మొదలైన న్యూట్రిన్ కన్‌ఫెక్షనరీ కంపెనీ గురించి రెండు మాటలు తరచుగా వింటాం. చెరకు పండే నేల కాబట్టి చాక్లెట్ల కంపెనీ అక్కడ పుట్టిందనేది మొదటిది. బయటి నుంచి పెద్ద కంపెనీలు వచ్చి దాన్ని మింగేశాయనేది రెండోది. రెండూ వినగానే నమ్మాలనిపించేవే. అందుకే వాటిని ఆధారాల పక్కన పెట్టి చూడాలి. ఒక చిన్న జిల్లా కేంద్రంలో ఒక కుటుంబం నిలబెట్టిన కంపెనీ, దేశంలో నలుమూలలా పిల్లల జేబుల్లోకి చేరిన సరుకు, 54 ఏళ్ల తరువాత అమ్మకం. ఇంత చరిత్రను ఊరి గొప్పగానో ఊరి గోడుగానో చెప్పి ఊరుకుంటే దానికి న్యాయం జరగదని నా నమ్మకం.

ముందుగా, గట్టిగా నిలబడే విషయాలు చెప్పుకుందాం. కంపెనీని నడిపినది బి.వి. రెడ్డి కుటుంబం. మహా లాక్టో, ఆశై, కోకనాకా, సంత్రా గోలీ వంటి పేర్లతో పాకం మిఠాయిలు, టాఫీలు, నాచురో పేరుతో పండ్ల గుజ్జు బిళ్ళలు ఈ కంపెనీ అమ్మింది. 2006లో గోద్రెజ్ బెవరేజెస్ అండ్ ఫుడ్స్ దీన్ని కుటుంబం నుంచి పూర్తిగా కొనుక్కుంది. అప్పట్లో పత్రికలు న్యూట్రిన్‌ను దేశంలోకెల్లా పెద్ద మిఠాయి కంపెనీ అన్నట్టుగా రాశాయి. ఆ మాటను కొంచెం తగ్గించి తీసుకోవడం మంచిది. పార్లే వంటి కంపెనీ బిస్కెట్లూ మిఠాయిలూ కలిపి అమ్ముతుంది. ఇటలీ కంపెనీ పెర్ఫెట్టీ చూయింగ్ గమ్ములను కూడా లెక్కలో వేసుకుంటుంది. ఏ సరుకును లెక్కలోకి తీసుకున్నామన్నదాన్ని బట్టి మొదటి స్థానం మారిపోతుంది. పాకం మిఠాయిల్లో, భారతీయ యాజమాన్యంలో, దేశంలో అన్నిటికన్నా పెద్దవాటిలో ఒకటి అన్నంతవరకు ధైర్యంగా చెప్పవచ్చు. చిత్తూరు వంటి ఊరికి అదీ చిన్న సంగతి కాదు.

ఇక చెరకు సంగతి. చిత్తూరు జిల్లాలో చెరకు పండిందన్నది నిజం. అయితే ఆ చెరకు ఎటు పోయిందో చూడాలి. ఈ జిల్లా రైతుకు చెరకు అంటే చాలాకాలం పాటు ముందుగా గుర్తొచ్చింది గానుగ, బెల్లం పెనం, మండీ. చిత్తూరు బెల్లం మండీ పేరు తమిళనాడు వ్యాపారులకు కూడా బాగా తెలుసు. సహకార చక్కెర ఫ్యాక్టరీలు చిత్తూరులో ఒకటి, రేణిగుంట దగ్గర గాజులమండ్యంలో ఒకటి నడిచాయి. కానీ ధర బాగున్న ఏడు రైతు చెరకును గానుగకు మళ్ళించడం ఈ ప్రాంతంలో మామూలే. అందువల్ల చెరకు విస్తీర్ణం లెక్క చూపించి, అది చక్కెరగా మారి మిఠాయి కంపెనీకి చేరిందని అనుకోవడానికి వీల్లేదు.

బెల్లంతో ఈ రకం చాక్లెట్ ఎందుకు చేయరన్న ప్రశ్న ఇక్కడ వస్తుంది. జవాబు పాకంలో ఉంది. సంత్రా గోలీ వంటి గట్టి బిళ్ళకు చక్కెర, లిక్విడ్ గ్లూకోజ్ కలిపి సుమారు 145 నుంచి 150 డిగ్రీల దాకా కాచాలి. చివరికి అందులో మిగిలే తేమ నూటికి రెండు మూడు పాళ్లు మించకూడదు. ఇంట్లో ముదురు పాకం పట్టే ఆడవాళ్లకు ఈ సూత్రం చేతికి తెలుసు. పాకం చల్లారాక ఇసుకలా గింజకట్టకుండా ఉండడానికి వాళ్లు నాలుగు చుక్కల నిమ్మరసం పిండుతారు. ఆ పులుపు చక్కెరలో కొంత భాగాన్ని విడగొట్టి, మిగతాది గడ్డకట్టకుండా ఆపుతుంది. ఫ్యాక్టరీలో ఆ పని గ్లూకోజ్ చేస్తుంది. అది మొక్కజొన్న పిండి నుంచో కర్రపెండలం పిండి నుంచో వచ్చే సరుకు. బెల్లంలో విడిపోయిన చక్కెర నూటికి పది, పదిహేను పాళ్ల దాకా ముందే ఉంటుంది. తేమ ఎక్కువ, రంగు ఒక్కో పాకానికి ఒక్కో తీరు. దానితో చేసిన బిళ్ళ గాలి తగలగానే చెమ్మ పీల్చుకుని కాగితానికి అంటుకుంటుంది. ఈశాన్య ఋతుపవనాల నెలల్లో, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, చిత్తూరు గాలిలో ఉండే తేమకు అది నిలవదు. కమ్మరకట్టు బెల్లంతోనే చేస్తారు. కానీ దాన్ని పొద్దున చేసి సాయంత్రానికి ఆ వీధిలోనే అమ్మేస్తారు. ఆరు నెలలు అంగడి సీసాలో ఉండి, వందల మైళ్లు లారీలో తిరగాల్సిన బిళ్ళకు తెల్ల చక్కెర కావాలి. తెల్ల చక్కెర బస్తాల్లో ఎక్కడి నుంచైనా వస్తుంది.

పాల వాదం కూడా ఇలాంటిదే. మహా లాక్టో పాల టాఫీ కాబట్టి, నేడు చిత్తూరు పాలకు పేరున్న జిల్లా కాబట్టి, రెండింటినీ ముడిపెట్టడం తేలిక. కాలక్రమం చూస్తే ఆ ముడి వదులవుతుంది. దేశంలో పాల వెల్లువ కార్యక్రమం మొదలైంది 1970లో. పాల కంపెనీ హెరిటేజ్ ఫుడ్స్ పుట్టింది 1992లో. అంటే, ఈ జిల్లా పాలకు సంతలాంటి పెద్ద మార్కెట్ ఏర్పడక ముందే కంపెనీ మొదలైంది. పైగా టాఫీలోకి వెళ్లేది పచ్చి పాలు కాదు, పాలపొడి లేదా చిక్కబరిచిన పాలు. అదీ దూరం నుంచి తెచ్చుకోగల సరుకే.

ముడిసరుకు వాదం ఎక్కడా పనికిరాదని నేననడం లేదు. మహారాష్ట్రలోని రావల్‌గావ్ కంపెనీ 1933లో వాల్‌చంద్ హీరాచంద్ పెట్టిన చక్కెర ఫ్యాక్టరీ నుంచి పుట్టింది. ఆ ఊరి పేరే మిఠాయి పేరైంది. తమిళనాడులో పారీ మిఠాయిలకూ నెల్లికుప్పం చక్కెర మిల్లుకూ ఉన్న బంధం అలాంటిదే. ఆ రెండు చోట్లా చక్కెర ముందు, చాక్లెట్ తరువాత. న్యూట్రిన్ మాత్రం మొదటి నుంచీ మిఠాయి కంపెనీగానే పేరు తెచ్చుకుంది. దాని పుట్టుకకు కారణం వెతకాలంటే చెరకు తోటల మీద నుంచి చూపు తిప్పి పటం చూడాలి.

1952లో చిత్తూరు మద్రాసు రాష్ట్రంలో భాగం. ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది ఆ మరుసటి సంవత్సరం అక్టోబరు 1న. కంపెనీ పెట్టిన నాడు చిత్తూరు వ్యాపారికి మద్రాసు తన సొంత రాజధాని. తెలుగు జిల్లాలు, తమిళ జిల్లాలు, మలబారు, దక్షిణ కన్నడం అన్నీ ఒకే రాష్ట్రం. మద్రాసు నుంచి బెంగళూరు వెళ్లే పాత నాలుగో నంబరు జాతీయ రహదారి రాణిపేట దాటి చిత్తూరు మీదుగా, పలమనేరు, ముళబాగిలు, కోలారు మీదుగా పోయేది. మద్రాసు సుమారు 150 కిలోమీటర్లు, బెంగళూరు సుమారు 180, వేలూరు 35, తిరుపతి 70. పాకాల, కాట్పాడి మధ్య మీటరు గేజి రైలు ఊరి గుండా పోయేది. గ్లూకోజ్, రంగులు, వాసన ద్రవ్యాలు, కాగితం, యంత్రాల విడిభాగాలు రావాల్సింది మద్రాసు రేవు వైపు నుంచి. తయారైన సరుకు పోవాల్సింది మూడు భాషల అంగళ్లకు. రాష్ట్రాల గీతలు 1953లో, 1956లో, తిరుత్తణి ప్రాంతం మద్రాసుకు వెళ్లిన 1960లో మారాయి కానీ, రోడ్డు మారలేదు. గీతలు మారిన కొద్దీ చిత్తూరు మూడు రాష్ట్రాల మొగసాలగా మారింది. మద్రాసులో కన్నా స్థలం, కూలీ చవగ్గా దొరికి, మద్రాసుకు ఒక్క రాత్రిలో లారీ చేరే దూరంలో ఉన్న ఊరు మిఠాయి ఫ్యాక్టరీకి అనువైన చోటని అనుకోవడానికి ఈ పటం మంచి ఆధారం.

మంచి ఆధారమే తప్ప చివరి ఆధారం కాదు. అదే రోడ్డు మీద రాణిపేట ఉంది, కోలారు ఉంది. అవి చాక్లెట్ ఊళ్లు కాలేదు. రోడ్డు అవకాశాన్ని ఇస్తుంది. ఆ అవకాశాన్ని పట్టుకునే మనిషి స్థానికుడు కావడం వల్ల ఫ్యాక్టరీ చిత్తూరులో వెలిసింది. కుటుంబ వ్యాపారాల చరిత్రలో ఇంతకన్నా పెద్ద కారణం చాలాసార్లు ఉండదు. పెట్టుబడి పెట్టేవాడు తన ఊళ్లో, తన వాళ్ల మధ్య, తన పలుకుబడి చెల్లే చోట పెడతాడు. న్యూట్రిన్‌ను నడిపినవారిలో వి. ద్వారకనాథ రెడ్డి గారి పేరు వ్యాపార లోకం వెలుపల కూడా తెలుసు. వ్యాపారం వదిలి తిరువణ్ణామలై చేరి, రమణ మహర్షి బోధ మార్గంలో ఆయన పుస్తకాలు రాశారు. రమణార్పణం ట్రస్టు ఆయన పేరు మీదే నడిచింది, మూగజీవాల సంరక్షణకు డబ్బు ఇచ్చింది. ఆయన చిత్తూరు నుంచి తిరువణ్ణామలై వెళ్లిన దారి కూడా వేలూరు మీదుగా పోయే ఆ పాత ఉత్తర ఆర్కాటు సీమ దారే. 1911లో చిత్తూరు జిల్లా అయింది ఆ సీమ నుంచి విడిపోయే కదా. ఈ కుటుంబపు లోకం ఏ దిక్కుకు విస్తరించిందో చూస్తే, హైదరాబాదు కన్నా దక్షిణం వైపు మొగ్గే కనిపిస్తుంది.

ఇక సరుకు ఎలా అమ్ముడుపోయిందో చూద్దాం. నా దృష్టిలో ఈ చరిత్రకు గుండెకాయ ఇదే. మిఠాయి బిళ్ళ వెల అప్పట్లో పావలా, అర్ధ రూపాయి. అంత చిన్న వెలలో అంగడివాడి లాభం, టోకు వ్యాపారి లాభం, లారీ బాడుగ, కాగితం, పన్ను అన్నీ ఇమడాలి. ఒక్క బిళ్ళ మీద మిగిలేది పైసల్లో ఉంటుంది. కాబట్టి ఈ వ్యాపారం నిలబడాలంటే లక్షల అంగళ్లలో సీసా ఉండాలి. ఆ సీసా ఖాళీ కాకముందే మళ్లీ నింపే మనిషి ఉండాలి. బస్టాండు కొట్టు, బడి ముందు బంకు, పల్లెలోని చిల్లర అంగడి, తిరుపతిలో యాత్రికులు ఆగే ప్రతి మలుపూ ఇందులోకి వస్తాయి. సీసా ముందు వరసలో ఉందా, అటక మీద ఉందా అన్నది కూడా అమ్మకాన్ని తేలుస్తుంది. చిల్లర లేనప్పుడు అంగడివాడు చేతిలో పెట్టే చాక్లెట్ ఏ కంపెనీదైతే ఆ కంపెనీకి అది ఖర్చులేని ప్రచారం. పాకం వండే యంత్రాన్ని ఎవరైనా కొనగలరు. ఈ అంగళ్ల అల్లికను కట్టడానికి మాత్రం దశాబ్దాలు పడుతుంది. న్యూట్రిన్ కుటుంబం 54 ఏళ్లలో కూడబెట్టిన అసలు ఆస్తి ఇదే.

ఈ ఆస్తికి పోటీ 1990ల నుంచి వచ్చింది. పెర్ఫెట్టీ 1994లో సెంటర్ ఫ్రెష్‌తో అడుగుపెట్టింది. మరుసటి ఏడు ఆల్పెన్‌లీబే తెచ్చింది. ఇటలీ కంపెనీ పాల టాఫీ వచ్చి మహా లాక్టో పక్కన కూర్చుంది. 2002లో ఐటీసీ మింటో, క్యాండీమ్యాన్ పేర్లతో దిగింది. సిగరెట్లు చేరవేసే దాని బండ్లు అప్పటికే ప్రతి బంకు దగ్గరా ఆగుతున్నాయి. 2004లో కొరియాకు చెందిన లొట్టే పారీ మిఠాయి కంపెనీని కొనేసింది. టీవీ ప్రకటన ఖర్చు చిత్తూరు కంపెనీకైనా బహుళజాతి కంపెనీకైనా నిమిషానికి అంతే. అమ్మకాల్లో దాని వాటా మాత్రం చిన్న కంపెనీకి ఎంతో ఎక్కువ. దీనికి తోడు పావలా ధర. చక్కెర, పాలపొడి, నూనె ఖరీదు పెరుగుతున్నా బిళ్ళ వెలను ఐదు పైసలో పది పైసలో పెంచే వీలు లేదు, ఎందుకంటే ఆ నాణేలు జనం చేతుల్లో లేవు. పెంచితే పావలా నుంచి నేరుగా అర్ధ రూపాయికి పోవాలి, లేదా బిళ్ళ బరువు తగ్గించాలి. 25 పైసల నాణెం అధికారికంగా 2011 జూన్ 30న చెల్లుబాటు కోల్పోయింది. అంగళ్లలో అది అంతకు చాలా ముందే చచ్చిపోయింది. వెల రెట్టింపు చేసే ఆ గెంతును తట్టుకోగలిగేది చేతిలో డబ్బు నిల్వ ఉన్నవాడు. 2006 అమ్మకాన్ని ఈ నేపథ్యంలో చూస్తే, ఓడిపోయినవాడి అమ్మకంలా కనిపించదు. విలువ తగ్గకముందే చేతులు మార్చిన అమ్మకంగా చదవడానికే ఎక్కువ ఆస్కారం ఉంది.

‘మింగేశారు’ అన్న మాటను ఇక్కడ పరీక్షించాలి. గోద్రెజ్ కొన్న మరుసటి సంవత్సరం, 2007లో, అమెరికాకు చెందిన హెర్షీ కంపెనీతో ఉమ్మడి సంస్థ కుదిరింది. హెర్షీకి 51 శాతం, గోద్రెజ్‌కు 43 శాతం, మిగతాది ఇతర వాటాదారులకు. 2012 సెప్టెంబరులో తనది కాని 49 శాతాన్నీ హెర్షీ తీసుకుంది. అందుకు చెల్లించినది సుమారు 1.58 కోట్ల డాలర్లని దాని వార్షిక లెక్కలు చెబుతాయి. దాన్ని బట్టి మొత్తం సంస్థ విలువ 3.2 కోట్ల డాలర్లని లెక్క కట్టాలనిపిస్తుంది. కానీ ఆ అంకెను న్యూట్రిన్ విలువ అనుకోకూడదు. ఉమ్మడి సంస్థలో గోద్రెజ్ పండ్ల పానీయాలు ఉన్నాయి, వంటనూనె ఉంది, అప్పులు ఉన్నాయి, నష్టాలు ఉన్నాయి. 2014లో హెర్షీ తన భారత వ్యాపారపు గుడ్‌విల్, ఇతర అమూర్త ఆస్తుల విలువను సుమారు 1.59 కోట్ల డాలర్ల మేర తగ్గించి రాసుకుంది. మింగినవాడికి అరగలేదని ఈ అంకె ఒక్కటీ చెప్పదు. అయితే కొన్నవాడు అనుకున్నంత రాబడి రాలేదని మాత్రం స్పష్టంగా చెబుతుంది. ఆరేళ్లలో మూడు రకాల యాజమాన్యాలు మారిన సంస్థలో అంగళ్లతో పాత సంబంధాలు పదిలంగా ఉంటాయని ఆశించడం కష్టం. చిత్తూరు కుటుంబం కట్టిన అల్లికకు ఏ యాజమాన్యం కిందా కుదురుగా కొనసాగే వ్యవధి దొరకలేదు.

ఇక్కడ హెర్షీ సొంత కథను దీని పక్కన పెట్టి చూస్తే చిత్తూరు విషయంలో ఒక తేడా బాగా తెలిసొస్తుంది. అది కూడా ఒక ఊరి కంపెనీయే. మిల్టన్ హెర్షీ పెన్సిల్వేనియాలో పాడి ఆవుల పల్లె మధ్య 1903లో ఫ్యాక్టరీ కట్టడం మొదలుపెట్టాడు. చుట్టూ కార్మికులకు ఊరు కట్టాడు. 1909లో తల్లిదండ్రులు లేని పిల్లలకు బడి పెట్టి, ఆ తరువాత తన వాటాలను ఆ బడి ట్రస్టుకు రాసిచ్చాడు. 2002లో ఆ ట్రస్టే కంపెనీని అమ్మకానికి పెట్టింది. రిగ్లీ 1,250 కోట్ల డాలర్లు ఇవ్వజూపింది. ఊరి జనం, కార్మికులు, బడిలో చదువుకున్న పాత విద్యార్థులు వీధిలోకి వచ్చారు. రాష్ట్ర అటార్నీ జనరల్ కోర్టుకు వెళ్లాడు, స్థానిక న్యాయస్థానం అమ్మకాన్ని ఆపింది, సెప్టెంబరులో ట్రస్టు వెనక్కి తగ్గింది. నాలుగేళ్లకు చిత్తూరు కంపెనీ చేతులు మారింది. అక్కడ ఏ కోర్టుకూ ఎవరూ వెళ్లలేదు, వెళ్లడానికి దారి కూడా లేదు. చిత్తూరు జనానికి తమ కంపెనీ మీద మమకారం తక్కువై కాదు. వాటాలు ఒక కుటుంబానివి, ఆ కుటుంబం తన ఆస్తిని అమ్ముకునే హక్కు నిర్వివాదం. హెర్షీ ఊళ్లో ప్రజా ప్రయోజనం కోసం పెట్టిన ట్రస్టు ఉండబట్టి ప్రభుత్వానికి నోరు విప్పే అధికారం వచ్చింది. అమ్మకుండా తనను తాను కాపాడుకున్న ఊరి కంపెనీయే పదేళ్లకు, అలాంటి కవచం లేని మన ఊరి కంపెనీకి పూర్తి యజమాని అయింది. నన్ను ఎక్కువగా బాధించే సంగతి ఇదే. ఇందులో ఎవరి తప్పూ నాకు కనబడదు. కుటుంబ సంస్థలు ఊరితో బంధాన్ని చట్టపరంగా రాసుకునే అలవాటు మన దగ్గర పెరగలేదు.

రావల్‌గావ్ గతీ చివరికి ఇంచుమించు ఇదే. 2024 ఫిబ్రవరిలో ఆ మిఠాయి పేర్లను, తయారీ సూత్రాలను రిలయన్స్ కన్స్యూమర్ 27 కోట్ల రూపాయలకు కొంది. ఊరి పేరు అమ్ముడుపోయింది, ఊరు అక్కడే ఉంది.

చిత్తూరు సీమలో తీపి పరిశ్రమ మాత్రం ఆగిపోలేదు. 2016 ఏప్రిల్‌లో మాండెలీజ్ కంపెనీ శ్రీసిటీలో 134 ఎకరాల్లో, 19 కోట్ల డాలర్ల పెట్టుబడితో చాక్లెట్ ఫ్యాక్టరీ తెరిచింది. అప్పుడది చిత్తూరు జిల్లా, 2022 ఏప్రిల్ 4 నుంచి తిరుపతి జిల్లా. అక్కడ చుట్టుపక్కల కోకో తోటలు లేవు, అవి గోదావరి జిల్లాల్లో ఉన్నాయి. కంపెనీని అక్కడికి రప్పించినవి చెన్నై రేవులు, చెన్నై రహదారి. 64 ఏళ్ల తేడాతో, ఒకటి కుటుంబ సంస్థ, ఒకటి బహుళజాతి సంస్థ, రెండూ చెన్నై వైపు వాలిన చోటునే ఎంచుకున్నాయి. ముడిసరుకు కన్నా దారి ముఖ్యమన్న నా వాదానికి ఇది రెండో సాక్ష్యం. ఇద్దరు సాక్షులతో ఒక సూత్రం తేలదని తెలిసే ఈ మాట రాస్తున్నాను.

ఈ వాదాన్ని కూల్చగల ఆధారం ఎలా ఉంటుందో కూడా చెప్పాలి. 1950లు, 60ల నాటి చక్కెర కొనుగోలు బిల్లులు బయటికి వచ్చి, వాటిలో సింహభాగం జిల్లా మిల్లులదే అయితే, చెరకు వాదం తిరిగి లేచి నిలబడుతుంది. తొలినాళ్ల టోకు వ్యాపారుల ఖాతాల్లో చిత్తూరు, కడప, అనంతపురం ఊళ్ల పేర్లే ఎక్కువగా ఉండి, మద్రాసు, సేలం, బెంగళూరు తక్కువగా ఉంటే, రోడ్డు గురించి నేను చెప్పిన దాంట్లో సగం కొట్టివేయాలి. ఆ ఖాతాలు రాసిన గుమాస్తాలు, పాకం కాచిన కార్మికులు, సీసాలు నింపిన సేల్స్‌మన్‌లు ఇప్పుడు డెబ్బై, ఎనభై దాటిన వయసులో ఉంటారు. చిత్తూరు, తిరుపతి కాలేజీల్లో చరిత్ర, వాణిజ్యం చదివే విద్యార్థులు ముందు వెళ్లి కలవాల్సింది వాళ్లను.